గ్రూప్ ప్రాజెక్ట్‌కి వాట్సాప్, గూగుల్ డాక్స్, గిట్‌హబ్: ఏది మేలు?

సెమిస్టర్ మొదలైతే చాలు, జూనియర్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఎవరు చేసిన పని వాళ్ల పేరు మీదే నిలుస్తుందా? నేను ముందు చూసేది అది. ఆ విషయంలో ఎక్కువగా నష్టపోయేది అమ్మాయిలు.

హెదర్ సార్సన్స్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ఆర్థికశాస్త్ర అధ్యాపకుల గురించి. ఒంటరిగా రాసిన పేపర్లకు ఆడామగా ఇద్దరికీ ఇంచుమించు సమానంగానే గుర్తింపు వచ్చింది. మగవాళ్లతో కలిసి రాస్తే మాత్రం ఉద్యోగం పర్మనెంట్ చేసేటప్పుడు మహిళలకు దక్కింది తక్కువ. ఎవరెంత చేశారో తెలియకపోతే ఇలాగే జరుగుతుంది.

మీటింగ్ ఎన్నింటికో చెప్పుకోవడానికి వాట్సాప్ చాలు. పనంతా అక్కడే నడిపితేనే చిక్కు. ఒకమ్మాయి రాత్రి పెట్టిన ఐడియా మెసేజ్‌ల కింద పడిపోతుంది. మర్నాడు అదే మాట ఇంకొకరు గట్టిగా అంటే అది వాళ్ల ఐడియా అయిపోతుంది.

గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కనిపిస్తుంది. కామెంట్ల పక్కన కూడా పేరుంటుంది. అయితే అందరూ సొంత లాగిన్‌తోనే రాయాలి. నలుగురూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చెబుతుంటే ఒకరు టైప్ చేశారనుకోండి, అదంతా ఆ ఒక్కరి పేరు మీదే ఉంటుంది.

కోడ్ ఉంటే, దాన్ని టీమంతా ఒకేచోట దాచుకుని మార్చుకునే గిట్‌హబ్ తప్పదు. కమిట్, అంటే కోడ్‌లో సేవ్ చేసిన ఒక్కో మార్పు, ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. కానీ చాలా టీముల్లో మొదటిరోజే కోడ్ అబ్బాయిలకు, రిపోర్టూ పీపీటీ అమ్మాయిలకు అని పంచేస్తారు. అలాంటి టీములో కమిట్స్ చూస్తే అమ్మాయిలు అసలేమీ చేయనట్టే ఉంటుంది! అందుకే మధ్యలో పనులు మార్చుకోండి. ఇద్దరు కలిసి కోడ్ రాస్తే కమిట్ మెసేజ్‌లో రెండోవారిని కో-ఆథర్‌గా చేర్చే వీలుంది, తప్పకుండా వాడండి.

ట్రెల్లో, నోషన్ పనుల జాబితాకు బాగుంటాయి. చిన్న టీమ్‌కి అక్కర్లేదు.

నా ఓటు డాక్స్‌కే, కోడ్ ఉంటే పక్కన గిట్‌హబ్. అయినా మీటింగ్‌లో ఏమనుకున్నారో మినిట్స్ రాయడం, గడువు గుర్తుచేయడం, గైడ్ వెంటపడటం లాంటివి వీటిలో దేనిలోనూ లెక్కకు రావు. లిండా బాబ్‌కాక్ బృందం 2017 అధ్యయనంలో ఆడామగా కలిసిన గ్రూపుల్లో పేరురాని పనులకు ఎక్కువగా ముందుకొచ్చింది మహిళలే. చేయమని ఎక్కువగా అడిగిందీ వాళ్లనే. కాబట్టి డాక్స్ మొదటి పేజీలోనే ఒక పట్టిక పెట్టి, ఈ పనులు ఏ వారం ఎవరి వంతో రాసుకోండి. రిపోర్టుతో పాటు దాన్నీ గైడ్‌కి ఇవ్వండి.