ఒక్క గీతకు జడ వచ్చే బ్రష్: రెండేండ్లు వాడినంక

కొన్న కొత్తల, డిజిటల్ బొమ్మలు గీసే ఈ జడ బ్రష్‌ను నేను పొగడని రోజు లేదు. మెడ దగ్గర పెన్ను ఆనించి నడుము దాక లాగితే మూడు పాయలు అల్లుకుంటనే దిగుతుండె. మెరుపు, నీడ, చెదిరిన వెంట్రుకలు అన్నీ దాంట్లనే. చేత్తో గీస్తే గంటన్నర పట్టే జడ చిటికెల అయిపోయేది. 350 రూపాయల ప్యాక్‌ల పన్నెండు బ్రష్‌లుంటే మిగతా పదకొండు నేను సరిగ్గ తెరిచి చూడనేలేదు. ఇది లేకుంటే నాకు చెయ్యి ఆడదని చెప్పి ఇద్దరు ముగ్గురితోని కొనిపిచ్చిన కూడ. వాళ్లు ఇది చదువుతుంటే ఏమనుకోవద్దు.

క్రిటాల (నేను బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఈ బ్రష్ ఎట్ల ఎక్కించుకోవాలె, సైజు ఎంత పెట్టాలె అన్నది ఎవలైనా చెప్తరు. నాది నీడ పంచాయితీ.

నల్లగొండల నాది చిన్న పని. పెండ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, ఫొటో చూసి గీసే బొమ్మలు. మొదటి ఏడాది అన్నీ ఫోన్ల స్టేటస్ పెట్టుకునే బొమ్మలే అయ్యేసరికి జడ గురించి ఒక్కరు కూడ ఒక్క మాట అనలే. పోయిన మాఘమాసంల నకిరేకల్ దిక్కు నుంచి ఓణీల ఫంక్షన్ పని వచ్చింది. పిల్ల పక్కకు తిరిగి నిలబడ్డది, ఎడమ దిక్కు కిటికీ, జడ వీపు నుంచి భుజం మీదికెళ్లి ముందటికి పడాలె. స్క్రీన్ మీద చూసి అందరు బాగుందన్నరు. ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ కొట్టిచ్చి వాళ్లింట్ల కింద పరిస్తే అప్పుడు నాకు కనబడ్డది. జడ ప్రతి మడత మీద ఒక వెంట్రుక లేచి ఉన్నది. ఒకటే వెంట్రుక, ఒకటే వంపు, గాలం ముల్లు లెక్క. 26 మడతలకు 26 ముల్లులు. పిల్ల భుజం మీద జెర్రి పాకినట్టే ఉన్నది.

అది వాళ్లు చూడలే. పిల్ల నాయనమ్మ మాత్రం చీర కొంగు సర్దుకుంట వంగి ఇంకోటి పట్టుకున్నది. "ఏం బిడ్డా, మా పిల్లకు సవరం పెట్టినవా? దాని జడ దానిదే. గిట్ల అతికిచ్చినట్టు ఎందుకున్నది?"

ఫంక్షన్‌కు ఇంక రెండు రోజులున్నది. ఇంటికొచ్చి బొమ్మ పెద్దగ చేసి చూస్తే ముసలమ్మ మాట నిజం. ఈ బ్రష్ రబ్బరు ముద్ర అసుంటిది. మెరుపు ఎడమకు, నీడ కుడికి ముద్రలనే గీసి పెట్టిన్రు. గీత ఎటు తిరిగితే ముద్ర అటు తిరగాలని డ్రాయింగ్ యాంగిల్ పెట్టుకుంటం కద, ముద్రతో పాటు వెలుగు కూడ తిరుగుతది. జడ నిలువుగ దిగినంత సేపు బాగనే ఉన్నది. భుజం మీద కుడికి అడ్డం పోయిన కాడ మెరుపు మడతల కిందికి, నీడ పైకి వచ్చింది. మొఖానికి కిటికీ వెలుగు, భుజానికి నాటకం స్టేజీ మీద కింద పెట్టే లైటు వెలుగు. పోనీ యాంగిల్ తీసేద్దామంటే మడతలు వంపు తిరగక మెట్ల లెక్క జారుతయ్.

కిటికీని కుడి దిక్కుకు మార్చి గీసిన పాత బొమ్మలు తీసి చూసిన. వాటిల్ల కూడ జడ నీడ కుడికే. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల గర్భగుడిల పడే స్తంభం నీడ పగలంత కదలదు. అక్కడ కదలకుంటే చూడనీకి దూరం దూరం నుంచి జనం వస్తరు, నా జడ నీడ కదలకుంటే పైసలు వాపస్ అడుగుతరు.

తెల్లారి మా బిడ్డకు బడికి జడలేసుకుంట, ఎన్నడు లేంది, జడను చూసిన. కిటికీ కాడ కూసుండబెట్టి ఒక జడ అల్లి, రెండోది అల్లకుండ అట్లనే చూస్తున్న. అది "అమ్మా, బస్సొస్తది" అని ఒకటే లొల్లి. మెరుపు పాయ పొడుగునా లేదు. ఉబ్బిన కాడ అడ్డంగ, గాజు అంత సన్నగ ఉన్నది. పాయ పక్క పాయ కిందికి దూరే కాడ నల్లగ అయితున్నది. అన్నిటికన్న నల్లది మూడు కలిసే కాడ ఉన్న చిన్న మూల. కిటికీకి అవతలి దిక్కు మడతలకు మెరుపే లేదు. కొబ్బరినూనె పెట్టిన తల కాబట్టి మెరుపు అంత సన్నగ, పదునుగ ఉన్నది. ఆదివారం తలకు పోసుకున్నంక చూస్తే అదే మెరుపు వెడల్పై మసకబారింది. ఇన్నేండ్లు రోజూ ఏస్తున్న జడనే ఇది.

ఆ రోజు నుంచి బ్రష్‌ను అచ్చు లెక్క వాడుతున్న. గీత లాగుత, ఆల్ఫా లాక్ చేసి (గీసిన కాడ తప్ప బయటికి రంగు పోకుండ) మొత్తం ఒకటే ముదురు రంగు పోస్త, దాని మెరుపూ నీడా అన్నీ దాంట్ల మునిగిపోతయ్. లాక్ తీసి, అంచులకు లేచిన ముల్లులను రబ్బరుతో ఒక్కొక్కటి తుడుస్త. జడను ఒక గ్రూపుల పెట్టి, మీద మల్టిప్లై లేయర్ (కింది రంగును ముదురు చేసే పొర) వేసి, ఇన్‌హెరిట్ ఆల్ఫా (కింద బొమ్మ ఉన్న మేరకే రంగు ఆగేటట్టు) ఆన్ చేసి మడత మడతకు నీడ చేత్తోనే. గ్రూపుల పెట్టుడు మర్చిపోతే ఆ నీడ కింద ఉన్న చీర మీదికి, గోడ మీదికి పోతది, నాకు రెండుసార్లు అయింది. మెరుపుకు ఇంకో లేయర్. అంతా కలిపి నలభై నిమిషాలు.

అంటే చిటికెల పని కాదు, గంటన్నర కూడ కాదు. 350కి ఇది నష్టమని నేను అనలేను. బతుకమ్మ చుట్టు తిరిగే పదిహేను మంది ఆడోళ్లను వెనుక నుంచి గీయాలంటే ఇప్పటికీ ఉత్త గీతలే లాగుత, అంత దూరంల ఎవలు చూస్తరు. ఫోన్ సైజు దాటని బొమ్మలు గీసేటోళ్లకు నా గోస అర్థం కూడ కాకపోవచ్చు. ఇంట్ల జడ ఏసుకునే పిల్ల ఉండుడు నాకు కలిసొచ్చింది. లేనోళ్లు ఏం చూసి గీస్తరో నాకు తెల్వదు. మళ్లీ కొంటవా అంటే, ఇదే బ్రష్ నీడ లేకుండ అమ్మితే కొంట.

నకిరేకల్ ఫ్లెక్సీ నా పైసలతోనే మళ్లీ కొట్టిచ్చి, ఫంక్షన్‌కు ముందు రోజు మాపటికి తీస్కపోయిన. నాయనమ్మ కండ్లద్దాలు పెట్టుకొని చానసేపు చూసింది. జడ ఊసెత్తలే. జడకుప్పెలు చిన్నగ ఏసినవన్నది.