బొద్దింకలకు స్ప్రేనా, జెల్లా?

విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఇళ్లకు వానాకాలం వస్తే బొద్దింకల టెన్షన్ మొదలవుతుంది. కాలువలు నిండగానే బాత్రూమ్ జాలీల్లోంచి పైకి వచ్చేస్తాయి.

స్ప్రే కొడితే కళ్లముందే చస్తాయి. కానీ మందు సరిగా తగలనివి గోడ సందుల్లోకి, పక్క వాటాలోకి పారిపోతాయి. గుడ్ల తిత్తిలోకి మందు అంతగా దిగదు. వంటింట్లో తిరిగే చిన్న బొద్దింక ఒక్క తిత్తిలోనే 30-40 గుడ్లుంటాయి. పైగా గిన్నెలన్నీ సర్దుకోవాలి, పసిపిల్లలుంటే మరీ ఇబ్బంది.

జెల్ అంటే బొద్దింకలు తినే ఎరమందు. ఇది నిదానం, వారం పది రోజులు పడుతుంది. అయితే అది తిన్న బొద్దింక గూటికెళ్లి చచ్చాక, దాని రెట్టను, కళేబరాన్ని తిన్నవీ చస్తాయి. పొయ్యి వెనక, సింకు కింద, ఫ్రిజ్ మోటారు దగ్గర కందిగింజంత చుక్కలు చాలు. వంటింటికి నేనైతే జెల్లే అంటాను. దాని మీద స్ప్రే మాత్రం కొట్టొద్దు, ఆ తర్వాత బొద్దింకలు జెల్ ముట్టవు. బయట డ్రైనేజీ మూతల దగ్గర స్ప్రేనే నయం.