కాలిఫోర్నియా దారా, టెక్సస్ దారా?

అమెరికాలో పేపర్లు లేకుండా ఉంటున్న వలసదారుల వల్ల స్టేట్ ఖజానాకి లాభమా నష్టమా అని గొడవ వచ్చినప్పుడల్లా నాకు ఈ రెండు స్టేట్లే గుర్తొస్తాయి. కాలిఫోర్నియా ఏమో 2024 జనవరి నుంచి వయసుతో పని లేకుండా వాళ్ళలో పేదోళ్ళందరికీ మెడి-కాల్ (స్టేట్ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) ఇచ్చేసింది, ఖర్చు అనుకున్నదానికంటే పెరిగిపోయి 2025లో దాదాపు 12 బిలియన్ డాలర్ల బడ్జెట్ లోటు కనపడేసరికి పేపర్లు లేని అడల్ట్స్‌ని కొత్తగా చేర్చుకోవడం 2026 జనవరి నుంచి ఆపేశారు.

టెక్సస్ ఆ ఖర్చు పెట్టదు. కానీ బోర్డర్ దగ్గర వలసల్ని అడ్డుకోడానికి ఆపరేషన్ లోన్ స్టార్ అని 2021 నుంచి 11 బిలియన్లకి పైనే పోసింది, అదీ టాక్స్ డబ్బేగా! పైగా అక్కడ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, కాబట్టి సేల్స్ టాక్స్, అద్దెలో కలిసిపోయే ప్రాపర్టీ టాక్స్ పేపర్లు ఉన్నోళ్ళూ లేనోళ్ళూ అందరూ కట్టాల్సిందే. 2006లో టెక్సస్ కంప్ట్రోలరే (స్టేట్ ఖజానా లెక్కలు చూసే ఆఫీసర్) లెక్కేస్తే పేపర్లు లేనోళ్ళ వల్ల స్టేట్‌కి వచ్చింది 1.58 బిలియన్లు, పోయింది 1.16. దెబ్బ పడింది లోకల్ ప్రభుత్వాలకీ ఆసుపత్రులకీ.

పేపర్లు లేని పిల్లలకీ పబ్లిక్ స్కూల్లో చదువు చెప్పాల్సిందేనన్న 1982 సుప్రీంకోర్టు తీర్పు వల్ల స్కూలు ఖర్చు రెండు చోట్లా తప్పదు. నన్నడిగితే కాలిఫోర్నియా తొందరపడింది, టెక్సస్ మాత్రం వచ్చేది జేబులో వేసుకుని బిల్లు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీదకి తోసేస్తోంది.