టెనర్ ట్రాంబోన్ వాదకులకు రెండో వాద్యంగా ఏది మేలు: యుఫోనియమా, బాస్ ట్రాంబోనా?

స్లైడు జరుపుతూ స్వరాలు మార్చే ఇత్తడి ఊదు వాద్యమైన టెనర్ ట్రాంబోన్‌లో కుదురుకున్నవారు రెండో వాద్యం చేపట్టాలనుకుంటే, సాధారణంగా మంద్ర స్థాయికి వాడే బాస్ ట్రాంబోన్‌కూ, వాల్వులు నొక్కి వాయించే యుఫోనియంకూ మధ్య తేల్చుకోవలసి వస్తుంది. మూడింటి మూల శ్రుతీ బి ఫ్లాటే. గొట్టాన్ని చాచి కొలిస్తే మూడూ దాదాపు 9 అడుగులే. స్లైడు ఉంది కనుక బాస్ ట్రాంబోనే దగ్గరి చుట్టమని చాలామంది అనుకుంటారు. చేతుల వరకు ఆ మాట కొంత నిజమే గాని, పెదవుల విషయంలోనూ ఊపిరి విషయంలోనూ నిలవదు.

ఆర్కెస్ట్రాలో వాడే పెద్ద టెనర్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 13.9 మిల్లీమీటర్లు, బాస్‌ది 14.3. ఇక్కడ తేడా స్వల్పమే. పెదవులు ఆనించే మౌత్‌పీసు దగ్గర మాత్రం అది పెరుగుతుంది: టెనర్ మౌత్‌పీసు లోపలి వ్యాసం 25.5 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే, బాస్‌ది 27 దాటుతుంది. అందువల్ల పెదవులు వేరే చోట, వేరే బిగువుతో పనిచేయాలి. మంద్ర స్థాయిలో ఊపిరి ఖర్చు కూడా బాగా పెరుగుతుంది. పైగా చేతి పని కూడా అచ్చంగా పాతదే కాదు. గొట్టానికి పొడవు కలిపి మూల శ్రుతిని ఎఫ్‌కు దింపే ఎఫ్ వాల్వు నొక్కితే స్లైడుపై 7 స్థానాలకు బదులు 6 మాత్రమే పడతాయి; బాస్‌కుండే రెండో వాల్వునూ కలిపి శ్రుతిని డి లోకి దింపితే దాదాపు 5 మిగులుతాయి, వాటి దూరాలన్నీ కొత్తగా నేర్చుకోవలసిందే.

యుఫోనియం విషయంలో ఇందుకు దాదాపు తలకిందులు. పెద్ద షాంకు (మౌత్‌పీసు తోక) పట్టే వాద్యానికి టెనర్ మౌత్‌పీసే సరిపోతుంది. లోతైన కప్పు ఉన్నది వాడితే నాదం మెరుగవుతుంది గాని, అంచు కొలత మార్చనక్కరలేదు. వేళ్ల లెక్క కూడా తేలిక: స్లైడు రెండో స్థానానికి రెండో వాల్వు, మూడో స్థానానికి మొదటి వాల్వు, నాలుగో స్థానానికి ఆ రెండూ కలిపి. దీన్ని బట్టీ పట్టడం పెద్ద పని కాదు. అసలు కష్టం అలవాట్లలో ఉంది. స్వరాల మధ్య జారుడు వినపడకుండా ట్రాంబోన్‌పై ప్రతి స్వరాన్నీ నాలుకతో మెత్తగా తాకుతాము. అదే నాలుక యుఫోనియంపై పాట ప్రవాహాన్ని ముక్కలు చేస్తుంది. శ్రుతి సర్దడానికి స్లైడూ ఉండదు, కాబట్టి చాలా యుఫోనియాలపై కాస్త ఎక్కువ శ్రుతిలో పలికే పై ఎఫ్‌ను పెదవితోనే దించాలి. కొనేటప్పుడు 1874లో డేవిడ్ బ్లెయిక్లీ రూపొందించిన కాంపెన్సేటింగ్ ఏర్పాటుతో (వాల్వులు కలిపి నొక్కినప్పుడు తక్కువపడే గొట్టం పొడవును అదే చేరుస్తుంది), నాలుగు వాల్వులున్నదాన్నే చూడటం మంచిది. అది లేకపోతే మంద్ర స్వరాలు శ్రుతికి లొంగవు.

ఇక పని సంగతి. సింఫనీ ఆర్కెస్ట్రాలో బాస్ ట్రాంబోన్ శాశ్వత స్థానం. అక్కడ సాధారణంగా ఆ వాద్యాన్నే జీవనంగా ఎంచుకున్నవారు కూర్చుంటారు, రెండో వాద్యంగా పట్టినవారికి అవకాశం తక్కువ. యుఫోనియంకు శాశ్వత కుర్చీ లేదు. అయితే హోల్స్ట్ ‘ది ప్లానెట్స్’లో, రిచర్డ్ స్ట్రాస్ ‘డాన్ కిహోటే’లో టెనర్ ట్యూబా భాగం వచ్చినప్పుడు, దాన్ని యుఫోనియంపై వాయించడానికి తరచూ ట్రాంబోన్ వరుసలోని వారినే పిలుస్తారు. బ్రిటిష్ బ్రాస్ బ్యాండులో యుఫోనియాలు రెండు, బాస్ ట్రాంబోన్ ఒక్కటే. అక్కడ యుఫోనియం భాగాన్ని ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాల రాత గుర్తుతో), పలికేదానికంటే ఒక మేజర్ తొమ్మిదో అంతరం (ఒక అష్టకం మీద ఒక పూర్తి స్వరం) ఎగువన రాస్తారు. బాస్ ట్రాంబోన్‌కు మాత్రం బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాల రాత గుర్తుతో), పలికినట్టే రాస్తారు. ట్రాంబోన్ వాదకులను మొదట్లో తికమకపెట్టేది వేళ్లకన్నా ఈ రాతే.

వేళ్లు నేర్చుకున్నంత త్వరగా పెదవులు నేర్చుకోవు. అందుచేత టెనర్‌ను ప్రధానంగా నిలుపుకొనేవారికి యుఫోనియమే మేలని నా అభిప్రాయం. టెనర్ పై స్థాయికి దానివల్ల నష్టం తక్కువ. మంద్ర స్థాయి సహజంగానే విశాలంగా పలికేవారు, పై స్వరాలకోసం ఎప్పుడూ పెనుగులాడేవారు మాత్రం బాస్ ట్రాంబోన్ వైపు వెళ్లడమే సబబు. అయితే వారు దాన్ని రెండో వాద్యంగా కాక, కొంతకాలానికి మొదటిదానిగా చేసుకోవడానికి సిద్ధపడి వెళ్లాలి.