టాక్స్ రీఫండ్ ఏజెంట్లతో జాగ్రత్త: మీ పేరు మీద లేని జబ్బులు రాస్తున్నారు

రిటర్నుల సీజను వచ్చిందంటే కడప, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల వైపు "ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపుతూ ఆఫీసు ఇచ్చే కాగితం) ఇవ్వండి చాలు, కట్టిన టాక్సంతా వెనక్కి తెప్పిస్తాం, వచ్చినదాంట్లో మాకు ఇంత శాతం" అనేవాళ్లు తిరుగుతుంటారు. టీచర్లు, ఫ్యాక్టరీ ఉద్యోగులు దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

వీళ్లకు బాగా అక్కరకొచ్చేవి వైద్య ఖర్చుల గళ్లు. పాత పన్ను విధానం ఎంచుకుని 80డి (ఆరోగ్య బీమా మినహాయింపు) కింద 50,000, 80డిడిబి (కొన్ని పెద్ద జబ్బుల వైద్యానికి మినహాయింపు) కింద 1,00,000 వేసేస్తారు. రిటర్నుతో కాగితాలేవీ జతచేయక్కర్లేదు కాబట్టి రీఫండ్ పడిపోతుంది. కమిషన్ తీసుకుని వాళ్లు వెళ్లిపోతారు. ఆదాయపన్ను పోర్టల్లో చాలాసార్లు వాళ్ల ఫోన్ నంబరో, ఈమెయిలో పెట్టుకుంటారు. తర్వాత నోటీసు వచ్చినా మీ కంట పడదు, గడువు దాటిపోతుంది.

లెక్క చూడండి. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు 1,50,000 దొంగ మినహాయింపు మీద సెస్సుతో కలిపి 31,200 మిగులుతుంది. దొరికితే ఆ 31,200 వడ్డీతో తిరిగి కట్టాలి. తప్పుడు వివరాలిచ్చినందుకు ఆదాయపన్ను చట్టం 270ఎ సెక్షను కింద పన్నుకు రెట్టింపు, అంటే ఇంకో 62,400 జరిమానా వేయొచ్చు. కట్టాల్సింది మీరే, ఏజెంటు కాదు. 2025 జూలైలో ఆదాయపన్ను శాఖ దేశమంతటా సోదాలు చేసింది ఇలాంటి ఏజెంట్ల మీదే. అప్పటి ఫారాల్లోనే 80డికి బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, 80డిడిబికి జబ్బు పేరు అడగడం మొదలైంది. అందుకే ఇప్పుడు లేని పాలసీ నంబర్లు కూడా పుట్టిస్తున్నారు.

నిజంగా ఖర్చు పెట్టినవాళ్లకు మినహాయింపు హక్కే, వదులుకోవద్దు. కానీ దేనికి వస్తుందో తెలిసుండాలి. కొత్త విధానంలో ఇవేవీ రావు. పాత విధానంలో 80డి ముఖ్యంగా ఆరోగ్య బీమా ప్రీమియానికి: మీకు, భార్యాభర్తలకు, మీ మీద ఆధారపడ్డ పిల్లలకు 25,000, తల్లిదండ్రులకు వేరుగా 25,000. 60 ఏళ్లు దాటినవాళ్లుంటే ఆ వైపు పరిమితి 50,000. అత్తమామల ప్రీమియం లెక్కలోకి రాదు. మూడేళ్లకు ఒకేసారి 60,000 కట్టారా, ఏటా 20,000 మాత్రమే చూపాలి. ప్రీమియం నగదుగా ఏజెంటు చేతికిచ్చారంటే మినహాయింపు పోయినట్టే. ముందస్తు ఆరోగ్య పరీక్షలకు మాత్రం 5,000 వరకు నగదైనా ఫర్వాలేదు, అదీ పై పరిమితిలోపే.

ఇంట్లో పెద్దవాళ్లకు బీమా లేకపోతే వాళ్ల మందులు, డాక్టరు ఫీజులు, ఆసుపత్రి ఖర్చులు 50,000 వరకు చూపొచ్చు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వేలూరుకో తిరుపతికో తీసుకెళ్లి లక్షలు ఖర్చు పెడతారు, అంతా నగదే. బిల్లు ఉన్నా చెల్లదు. యూపీఐ, కార్డు, చెక్కు, ఏదో ఒకటి బ్యాంకు ఖాతాలో కనబడాలి. మెడికల్ షాపు బిల్లు మీద పేషెంటు పేరు రాయించుకోండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం నడిపే వైద్యసేవ ట్రస్టు కట్టిన డబ్బు మీ ఖర్చు కాదు, దాన్ని చూపకూడదు.

80డిడిబి మరీ ఇరుకైంది. క్యాన్సర్, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం, హీమోఫిలియా, తలసీమియా, పార్కిన్సన్స్ లాంటి కొన్ని జబ్బులకే. నరాల జబ్బులైతే వైకల్యం 40 శాతమైనా ఉండాలి. షుగర్, బీపీ, మోకీలు మార్పిడి, గుండె ఆపరేషన్ ఇందులో లేవు. పరిమితి 40,000, పేషెంటుకు 60 దాటితే 1,00,000. బీమా నుంచి వచ్చింది తీసేయాలి. స్పెషలిస్టు రాసిన చీటీ తప్పనిసరి: పేషెంటు పేరు, వయసు, జబ్బు, డాక్టరు అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు దాని మీద ఉండాలి.

ఇప్పటికే ఏజెంటు చేత వేయించినవాళ్లు ఈ పూటే ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి పోర్టల్లోకి వెళ్లండి. ముందు ప్రొఫైల్లో ఫోన్, ఈమెయిల్ మీవేనా చూడండి. తర్వాత వేసిన రిటర్ను దించుకుని 80డి, 80డిడిబి, ఇంట్లో ఆధారపడ్డవాళ్ల వైకల్యానికిచ్చే 80డిడి, మీ సొంత వైకల్యానికిచ్చే 80యు అంకెలు చదవండి. మీవి కానివి ఉంటే, గడువుంటే రివైజ్డ్ (సవరించిన) రిటర్ను వేయండి. దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది: అసెస్‌మెంట్ ఇయర్ (రిటర్ను వేసే ఆర్థిక సంవత్సరం) ముగిశాక మొదటి 12 నెలల్లో పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, తర్వాత ఏడాదికేడాది 50, 60, 70. విచారణ మొదలయ్యాక ఆ దారి మూసుకుపోవచ్చు. నోటీసు రాకముందే వేయండి.