విరిగిన చేతికి రోబో గ్లౌజు కొంటున్నారా? జాగ్రత్త

చెయ్యి విరిగి, కట్టు విప్పాక వేళ్లు బిగుసుకుపోయినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్న, గాలి పంపుతో వేళ్లను ఆడించే ఆ చవక రోబో గ్లౌజు ప్రకటన చూసి డబ్బు కట్టేయకండి. మా అమ్మ చేతికి ఏమైందో చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

అమ్మ బాత్రూంలో జారిపడితే మణికట్టు ఎముక విరిగింది. సిమెంటు కట్టు తీసేసరికి ఎముక అతుక్కుంది కానీ పిడికిలి బిగియడం లేదు. వేళ్ల మొదట్లో ఉండే కణుపులు పట్టేశాయి. మలక్‌పేట ట్రాఫిక్‌లో రోజూ ఆటోలో ఫిజియో దగ్గరికి తిప్పడం ఆమెకు కష్టమని, రూ. 8,500 పెట్టి ఆ గ్లౌజు తెప్పించాం. "పక్షవాతానికైనా, ఫ్రాక్చర్‌కైనా ఇదే మేడమ్, ఇంట్లోనే నయమైపోతుంది" అన్నారు అమ్మినవాళ్లు.

మోసమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పక్షవాతంలో కీలు బాగానే ఉంటుంది, మెదడు నుంచి కండరానికి ఆదేశం అందదు. అలాంటివాళ్లకు థెరపిస్టు పర్యవేక్షణలో ఇలాంటి గ్లౌజులు వాడతారు. ఫ్రాక్చర్ తర్వాత సంగతి వేరు. ఆదేశం అందుతుంది, కండరం లాగుతుంది, కీలే కదలదు. గ్లౌజులో ప్రతి వేలి పైన మడతల గొట్టం ఉంటుంది. పంపు అందులోకి గాలి కొడితే అది సాగి వేలిని వంచుతుంది. కానీ నీరు పల్లమెరిగినట్టు ఆ ఒత్తిడంతా వదులుగా ఉన్న కణుపు వైపే పోతుంది. అమ్మ వేళ్ల చివర్లు చక్కగా ముడుచుకునేవి. చూసేవాళ్లకు పిడికిలి పడుతున్నట్టే ఉండేది. పట్టేసిన మొదటి కణుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

పైగా గ్లౌజు జారకుండా బిగించే వెల్‌క్రో పట్టీ సరిగ్గా మణికట్టు మీదికే, ఎముక విరిగిన చోటికే వస్తుంది. వదులు చేస్తే గ్లౌజు తిరిగిపోతుంది. "బిడ్డా, వేళ్లు గుంజుతున్నయ్, బందు చెయ్" అని అమ్మ అంటుంటే కస్టమర్ కేర్‌కు మెసేజ్ పెట్టాను. "నొప్పి వస్తేనే పనిచేస్తున్నట్టు, స్పీడు పెంచండి" అని జవాబు. పెంచలేదు, ఆపేశాం. అప్పటికే చెయ్యి పైభాగం ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఎక్స్‌రేలో ఎముక కదల్లేదని తెలిశాకే ఊపిరి పీల్చుకున్నాం.

ఫిజియో మేడమ్ గ్లౌజును తన ముందే ఆడించమని, కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టి చూశారు. మామూలుగా 90 డిగ్రీల దాకా వంగాల్సిన మొదటి కణుపు 30 దగ్గరే ఆగిపోయింది. "పక్క కణుపును పట్టుకుని దీన్ని ఒక్కదాన్నే వంచాలమ్మా, గ్లౌజు దేన్నీ పట్టుకోదు" అన్నారు. ముందు చెయ్యి ఎత్తిపెట్టించి వాపు తగ్గించారు. ఆ తర్వాత ఒక్కో కణుపుకు విడిగా వ్యాయామం నేర్పారు. ఇప్పుడు అమ్మ గ్లాసు పట్టుకోగలుగుతోంది.

వాపసు అడిగితే, ఒంటికి తగిలిన వస్తువు వెనక్కి తీసుకునేది లేదన్నారు. అప్పుడు బాక్సు తిప్పి చూస్తే తయారీదారు పేరు లేదు, దిగుమతి చేసినవాళ్ల అడ్రసు లేదు, లైసెన్సు నంబరు అసలే లేదు. వైద్య పరికరాల తయారీ, దిగుమతి, లేబుళ్లకు సంబంధించిన మెడికల్ డివైసెస్ రూల్స్ 2017లోనే వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ వాటి కిందికే వస్తాయి. కాబట్టి డబ్బు కట్టకముందే లేబుల్ ఫొటో పంపమనండి. మమ్మల్ని ముంచినవాళ్లలాంటివాళ్లయితే అక్కడే మాట మార్చేస్తారు. కొనక తప్పదనుకుంటే కోఠిలో సర్జికల్ షాపులు ఉన్నాయి. పేషెంటును తీసుకెళ్లి, చేతికి తొడిగించి, పట్టీ ఎక్కడ పడుతుందో చూసి, బిల్లు తీసుకుని కొనండి.

మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. రూ. 5 లక్షల లోపు వస్తువైతే అక్కడ ఫీజు ఉండదు. ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు బాక్సు పారేయకండి. యూపీఐ స్క్రీన్‌షాట్, ప్రకటన వీడియో, వాట్సాప్ మాటలు అన్నీ దాచిపెట్టండి. ఆ ప్రకటన రాత్రికి రాత్రే మాయమవుతుంది. మా విషయంలో అదే జరిగింది.