హోల్టరా, ప్యాచా, టెలిమెట్రీనా? ఏ కోడ్ వేయాలి

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కార్డియాలజీ (గుండె వైద్యం) చార్టులు చదివి, బీమా బిల్లు కోసం ప్రతి సేవకూ అంకెల కోడ్ వేసే మెడికల్ కోడర్లను బాగా తికమక పెట్టేవి, ఛాతీకి కొన్నాళ్లు తగిలించి తీసేసే ఈసీజీ పరికరాలు. చార్టులో "హార్ట్ మానిటర్ పెట్టాం" అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ కోడ్ వేయాలో తేలాలంటే రెండు సంగతులు వెతకాలి: ఎంతసేపు రికార్డయింది, ఆ రికార్డు డాక్టర్ దగ్గరికి ఎలా చేరింది.

ఆగకుండా 48 గంటల వరకు రికార్డయితే అది హోల్టర్ అనే చిన్న రికార్డర్, కోడ్ 93224. 48 గంటలు దాటి 7 రోజుల వరకు అయితే 93241. 7 రోజులు దాటి 15 రోజుల వరకు అయితే 93245. ఈ చివరి రెండూ 2021 జనవరిలో వచ్చాయి. అంతకుముందు వాడిన 0295టీ పాత నోట్సులో కనిపిస్తే కొట్టేయండి.

కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. ఆర్డర్‌లో 14 రోజులు అని ఉంది కదా అని 93245 వేశాను. కోడ్లు సరిచూసే ఆడిటర్ చార్టు వెనక్కి పంపారు. ఛాతీకి అంటించిన ప్యాచ్ అయిదో రోజే ఊడిపోయిందని రిపోర్టులో ఉంది, నేను అంతదాకా చదవలేదు. వేయాల్సింది 93241. అప్పటి నుంచి ఆర్డర్ కన్నా ముందు రిపోర్టే తెరుస్తున్నాను.

అసలు చిక్కు ప్యాచ్‌కీ టెలిమెట్రీకీ మధ్య ఉంది. జియో ఎక్స్‌టీ (Zio XT), జియో ఏటీ (Zio AT) అనే పరికరాలు రెండూ ఛాతీకి అంటించే ప్యాచ్‌లే. మొదటిది రికార్డును తనలోనే దాచుకుంటుంది, తీశాక చదువుతారు. కాబట్టి రోజుల లెక్కన 93241 లేదా 93245. రెండోది పేషెంట్ ఒంటిమీద ఉండగానే రికార్డును విశ్లేషించి, తేడా కనిపిస్తే మనుషులు కాపలా ఉండే కేంద్రానికి పంపుతుంది. అది టెలిమెట్రీ: డాక్టర్ చదివి రిపోర్టు ఇస్తే 93228, పరికరం, కేంద్రం చేసే సాంకేతిక భాగానికి 93229. 30 రోజుల వ్యవధికి ఒక్కసారే వేయాలి.

టెలిమెట్రీకి డబ్బు ఎక్కువ వస్తుందని అటు మొగ్గేవాళ్లను చూశాను. అది తప్పని గట్టిగా చెబుతాను. అప్పటికప్పుడు సమాచారం పంపినట్టు రికార్డులో లేకపోతే 93228 జోలికి వెళ్లొద్దు, డాక్టర్‌కు క్వెరీ పెట్టండి, అంటే రాసి అడగండి. బీమా సంస్థ క్లెయిమ్ తిరస్కరిస్తే చివరికి ఆ బిల్లు గుండెజబ్బుతో టెన్షన్ పడుతున్న మనిషి ఇంటికే వెళ్లొచ్చు.

ఇక మొత్తం కోడా, ముక్కలా? 7 రోజులు దాటిన రికార్డుకు ప్యాచ్ తగిలించడం, విశ్లేషణ, డాక్టర్ రిపోర్టు మూడూ ఒక్కచోటే అయితే 93245 చాలు. వేర్వేరు చోట్ల అయితే వరుసగా 93246, 93247, 93248. ముక్కలకు సొంత కోడ్లున్నాయి కనుక 26 (డాక్టర్ పని మాత్రమే), టీసీ (సాంకేతిక భాగం మాత్రమే) అనే మోడిఫైయర్లు, అంటే కోడ్ చివర పెట్టే గుర్తులు, తగిలించకండి. హోల్టర్ 12 గంటలు కూడా నడవకపోతే మాత్రం సేవ పూర్తిగా జరగలేదని చెప్పే మోడిఫైయర్ 52 కావాలి.

వీటితో లైఫ్‌వెస్ట్‌ను కలపొద్దు. అది అవసరమైతే గుండెకు షాక్ ఇచ్చే చొక్కా. మొదటిసారి అమర్చి ప్రోగ్రామ్ చేస్తే 93745, తర్వాత పేషెంట్ ఎదురుగా ఉండగా పరికరాన్ని పరిశీలిస్తే 93292. చొక్కాకు కె0606 ఉంది, కానీ అది సరఫరాదారు వేసుకునే కోడ్. డాక్టర్ క్లెయిమ్‌లో దాన్ని చేర్చకండి.